మధ్వాసవం నుంచి గుడుంబా దాకా

ముందు వంటకం చెప్పేస్తాను, ఈ గొడవంతా అక్కడే మొదలైంది కాబట్టి. ఒక ఫుల్ బాటిల్ విస్కీ, అంటే 750 ఎం.ఎల్. పావుకిలో తేనె. రెండంగుళాల దాల్చినచెక్క, నాలుగు యాలకులు, పది మిరియాలు, రెండు పిప్పళ్లు, చిన్న సొంఠికొమ్ము, చిటికెడు సోంపు, వేలెడంత అతిమధురం, ఒక నిమ్మకాయ తొక్క. తొక్క కింది తెల్లభాగం రాకుండా చెక్కాలి, లేకపోతే చేదెక్కుతుంది. దినుసులన్నీ కచ్చాపచ్చాగా దంచి గాజుజాడీలో విస్కీలో నానేసి, చీకటి అల్మరాలో పెట్టాలి. నిమ్మతొక్కని మూడో రోజున, దాల్చినచెక్కని ఐదో రోజున తీసేయాలి. పదో రోజున పలచటి నూలుబట్టలో వడగట్టి, అప్పుడు తేనె కలపాలి. పొయ్యి ముట్టించే పనే లేదు. ఇంకో రెండు వారాలు కదపకుండా ఉంచితే తేనెలో ఉన్న పుప్పొడి అడుక్కి దిగుతుంది. పైనున్న తేటని వంచుకుంటే బంగారు రంగులో, గొంతులో మెత్తగా దిగే మందు తయారు.

దీనికి ప్రేరణ ఒక స్కాచ్ లికర్. ఆఫీసులో ఎవరో ఫారిన్ నుంచి వస్తూ డ్రాంబుయీ అనే సీసా తెచ్చారు. విస్కీ, తేనె, మూలికలు. ఇంజనీరింగ్ చదివినవాడికి ఉండే జబ్బు ఒకటుంది: ఏదైనా ఖరీదైన వస్తువు చూస్తే 'ఇందులో ఏముంది, మనమే చేసుకోలేమా' అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన పుట్టతేనె ఇంట్లో ఉంది. బాపమ్మ దగ్గు కషాయం కోసం దాచిపెట్టే దినుసులు ఎలాగూ ఉన్నాయి. లెక్క కూడా వేసుకున్నాను. మన విస్కీ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది కదా, అంటే 750 ఎం.ఎల్.లో 321 ఎం.ఎల్. ఆల్కహాల్. పావుకిలో తేనె సుమారు 176 ఎం.ఎల్. చోటు తీసుకుంటుంది. మొత్తం 926లో 321 అంటే 34.7 శాతం. డ్రాంబుయీ 40 శాతం ఉంటుంది, మనది కాస్త సౌమ్యం.

ఆ 42.8 అనే వింత అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలామందికి తెలియదు, నాకూ అప్పటిదాకా తెలియదు. సీసా మీద చిన్న అక్షరాల్లో 25 యు.పి. అని కూడా రాసి ఉంటుంది. అండర్ ప్రూఫ్ అని దానర్థం. సారాయిలో తడిపిన తుపాకీమందు అంటుకుంటే అది 'ప్రూఫ్' అని పాత బ్రిటిష్ లెక్క. ఆ ప్రూఫ్ మన శాతాల్లో 57.1. అందులో నాలుగోవంతు తక్కువ అంటే 42.8. బ్రిటిష్ వాళ్లు పోయారు, వాళ్ల దేశంలోనే ఆ కొలత పోయింది. మన వరంగల్ చౌరస్తా వైన్‌షాపులో మాత్రం ఇంకా దాన్నే తాగుతున్నాం.

మొదటి సీసా చెల్లిపోయింది. రెండో సీసా పట్టుకుని హన్మకొండ పోయాను. అక్కడ నాతోపాటు ఇంజనీరింగ్ చదివిన ఒక దోస్తు ఉన్నాడు. ఊరికి దగ్గర్లోని తండా వాడిది. ఇప్పుడు టీచరు. వాడికి చిన్న గ్లాసులో పోసిచ్చి, దినుసుల పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పి, నేనే చేశానన్నాను. వాడు ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, నవ్వుతూనే అన్నాడు: "మా యాడిని పట్టుకపోయింది గిదే పనికి కదరా."

నాకు గుర్తుంది. మేం సెకండియర్‌లో ఉన్నప్పుడు వాడు ఒక ఇంటర్నల్ పరీక్షకి రాలేదు. తండా మీద ఆబ్కారోళ్ల దాడి జరిగిందని, వాళ్లమ్మ మీద గుడుంబా కేసయిందని తర్వాత తెలిసింది. ఐదు లీటర్ల డబ్బా, రెండు కుండల పానకం. పానకం అంటే పులియబెట్టిన బెల్లం నీళ్లు, దాన్ని అక్కడే పారబోశారట. బెయిల్ కోసం తిరిగిన వారం రోజులూ వాడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. జ్వరమొచ్చిందన్నాడు.

"అట్ల కాదురా," అన్నాను నేను, "నేను కాచలేదు కదా. షాపులో కొన్న విస్కీలో తేనె కలిపిన, గంతే." టెక్నికల్‌గా నా మాట కరెక్టే. వాడు ఇంకో గుక్క తాగి, "కరెక్టే," అన్నాడు. ఆ కరెక్టే అన్న తీరు నన్ను ఆర్నెల్లు చదివించింది.

*

ఇంట్లో మందు చేసుకోవడం నేరం ఎప్పుడయింది? ఇదీ నా ప్రశ్న. మామూలుగా మన దగ్గర దీనికి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి, మన సంస్కృతిలో తాగుడే లేదు, తెల్లోడు నేర్పిండు. రెండోది, పూర్వం అందరూ హాయిగా కాచుకుని తాగేవాళ్లు, తెల్లోడు వచ్చి పన్నేసిండు. రెండిట్లోనూ తెల్లోడు ఉన్నాడు కాబట్టి రెండూ సుఖంగా ఉంటాయి. అర్థశాస్త్రం తెరిస్తే రెండూ నిలబడవు.

కౌటిల్యుడు రెండో అధికరణంలో సురాధ్యక్షుడికి ఒక అధ్యాయమే కేటాయించాడు. నేటి ఎక్సైజ్ కమిషనర్ అనుకోండి. ఆరు రకాల మద్యాలు చెప్తాడు: మేదకం, ప్రసన్నం, ఆసవం, అరిష్టం, మైరేయం, మధు. కొలతలతో సహా. ఆసవానికి ఒక తులామానం వెలగపండు, ఐదు తులామానాల ఫాణితం, అంటే చిక్కటి చెరుకుపాకం, ఒక ప్రస్థం తేనె. మైరేయానికి మేషశృంగి బెరడు కషాయంలో బెల్లం వేసి, పిప్పళ్లు, మిరియాలు దట్టించాలి. కావాలంటే త్రిఫల కూడా చేర్చుకోవచ్చు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. నా గాజుజాడీలో ఉన్న పిప్పళ్లు, మిరియాలే! నేనేదో స్కాట్లండ్ నుంచి కాపీ కొట్టాననుకుంటున్నాను, బాపమ్మ డబ్బాలోంచి తీసింది మైరేయం సంభారం.

ఇక చట్టం సంగతి. రాజ్యం అనుమతించిన చోట తప్ప వేరేచోట చేసినవాడికీ కొన్నవాడికీ అమ్మినవాడికీ 600 పణాల దండన. అంటే గుత్తాధిపత్యం అప్పుడే ఉంది, తెల్లోడు కనిపెట్టింది కాదు. కానీ అదే అధ్యాయం చివర్లో ఒక వెసులుబాటు ఉంది. కుటుంబీకులు తమ శుభకార్యాలకు తెల్లసుర, మందు కోసమైతే అరిష్టమో మరోటో ఇంట్లో చేసుకోవచ్చు. ఉత్సవాలకు, యాత్రలకు, జాతర్లకు నాలుగు రోజులపాటు అనుమతి ఇవ్వాలి. రాజుగారి సరుకు కానిదానిమీద నూటికి ఐదు సుంకం.

కౌటిల్యుడు జాలిగుండె కలవాడేం కాదు. మద్యశాలలో గూఢచారుల్ని కూర్చోబెట్టి, స్థోమతకు మించి ఖర్చుపెట్టేవాళ్ల మీద కన్నేసి ఉంచమన్న మనిషి. అయినా పెళ్లి, జాతర, రోగం, ఈ మూడిట్లో ఇంటి పొయ్యి జోలికి పోవద్దని ఆయనకి తోచింది. పోతే జనం ఊరుకోరని కూడా తెలిసే ఉంటుంది.

వైద్యులేమో ఇంకా ముందుకెళ్లారు. చరకసంహిత సూత్రస్థానంలో 84 ఆసవాల లెక్క ఉంది: ధాన్యాలవి, పండ్లవి, వేళ్లవి, పువ్వులవి, ఆకులవి, బెరళ్లవి, చెరుకువి. ప్రమేహ చికిత్సలో లొద్దుగ చెక్క మొదలైన మూలికల కషాయానికి సగం తేనె కలిపి, నెయ్యి పూసిన కుండలో పక్షం రోజులు ఉంచమంటాడు. దాని పేరే మధ్వాసవం. మధుమేహానికి దగ్గరి జబ్బుకి తేనెతో చేసిన మద్యమా అని నవ్వొచ్చింది గానీ, అక్కడ జరిగేది వేరు. చక్కెరని పులియబెట్టే ఈస్ట్ తేనెని తినేస్తుంది. పక్షం తర్వాత తీపి తగ్గి ఘాటు మిగులుతుంది.

ఇక్కడొక రసాయన సంగతి. మాగిన తేనె మామూలుగా సొంతంగా పులియదు. నీళ్లు బాగా తక్కువ కాబట్టి సూక్ష్మజీవులు అందులో పెరగలేవు. కషాయం కలిపి పలచన చేస్తేనే పని మొదలవుతుంది. ఈస్ట్ ఎక్కడిదంటే, ఆసవాల్లో వేసే ధాతకీ పువ్వుల మీదే అంటుకుని ఉంటుంది. నా సీసాకీ మధ్వాసవానికీ తేడా ఇదే. వాళ్ల తేనె మద్యంగా మారింది. నాది ఇంకొకడి మద్యంలో తీపిగా తేలుతోంది. నిజానికి నేను చేసింది వంట కూడా కాదు, షర్బత్ కలపడం.

స్కాట్లండ్ కథ త్వరగా చెప్పేస్తాను, పెద్దగా ఏం లేదు. 1746లో యుద్ధం ఓడిపోయి పారిపోతున్న యువరాజు చార్లెస్ ఎడ్వర్డ్ స్టువర్ట్ స్కై అనే దీవిలో తనకి ఆశ్రయమిచ్చిన మెకిన్నన్ వంశం వాళ్లకి ఈ రహస్య ఔషధం రాసిచ్చాడట. ఇది కంపెనీ చెప్పుకునే కథ, సీసా అమ్మడానికి పనికొచ్చే కథ. డ్రాంబుయీ అనే పేరు 1893లో రిజిస్టరయింది, వ్యాపారం ఎడిన్‌బరోలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెరిగింది. నాకు ఆసక్తిగా అనిపించింది వేరే సంగతి. అదే స్కాట్లండ్‌లో 1781లో ఇళ్లలో సారా కాచడాన్ని నిషేధించారు. రైతులు కొండల్లో దొంగచాటుగా కాచారు, అధికారులు కుండలు పగలగొట్టారు. 1823లో కొత్త చట్టమొచ్చి పదిపౌండ్ల లైసెన్సు కట్టగలిగినవాడు డిస్టిలరీ ఓనరయ్యాడు, కట్టలేనివాడు స్మగ్లర్‌గానే మిగిలాడు. ఈ రోజు ఆ ఓనర్ల పేర్లు సీసాల మీదున్నాయి.

*

మా వైపు కథకి రావాలంటే ఇప్పచెట్టు దగ్గర మొదలుపెట్టాలి.

ములుగు దాటి తాడ్వాయి అడవిలోకి వెళ్తే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లారగట్ల ఇప్పచెట్ల కింద నేల తెల్లగా, కాస్త పసుపుగా కనిపిస్తుంది. పువ్వులు రాత్రిపూట రాలతాయి. కండగల పువ్వు, ద్రాక్షపండులా పిసికితే రసమొస్తుంది. ఎండబెడితే కిస్మిస్ లాగా ముడుచుకుపోతుంది, సగానికి పైగా చక్కెరే. కోయలు, గోండులు దాన్ని తింటారు, ఉడకబెడతారు, కరువులో బియ్యానికి బదులు వాడుకున్నారు. మిగిలింది నీళ్లలో నానబెట్టి నాలుగైదు రోజులు పులియనిచ్చి, కుండ మీద కుండ పెట్టి, ఆవిరిని చల్లార్చి బొట్టుబొట్టుగా పడతారు. అదే ఇప్పసారా. చల్లార్చడానికి పైకుండలో నీళ్లు మారుస్తూ ఉండాలి. ఎన్నిసార్లు మార్చారన్నదాన్ని బట్టి ఘాటు. ఇది వింటున్నప్పుడు, ఇంజనీరింగ్‌లో మాకు చెప్పిన హీట్ ఎక్స్చేంజర్ పాఠం ఇంత సులువా అనిపించింది.

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకి బెల్లం 'బంగారం' అవుతుంది, ఇప్పసారా ఆ అడవి తాగే మందవుతుంది. కౌటిల్యుడి నాలుగు రోజుల లెక్క గుర్తుందా? జాతర కూడా నాలుగు రోజులే. ఇందులో సంబంధమేమీ లేదు, ఊరికే ముచ్చటగా అనిపించింది.

నిజాం రాజ్యంలో ఖజానాకి ఆబ్కారీ పెద్ద దిక్కు. అది ప్రధానంగా రెండు చెట్ల మీద నిలబడింది: తాడి, ఇప్ప. తాటి, ఈత చెట్లకి పన్ను, ఇప్పపువ్వు సారాకి కాంట్రాక్టు. చెట్టు రైతు పొలంలో ఉన్నా దాన్ని గీసే హక్కు సర్కారుది. గీత కార్మికుడి కథ మా జిల్లాలో ఇంకా పాతది. ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న గీత కులంవాడు, 1708లో వరంగల్ కోటని దోచాడు, 1710లో అతన్ని చంపారు. అతని కథని చాలామంది చాలా రకాలుగా చెప్తారు. నాకైతే అతను తాటిచెట్టు ఎక్కే కుటుంబంలో పుట్టినవాడన్నది ఊరికే వచ్చే వివరం కాదనిపిస్తుంది. అమ్ముకునే కల్లు మీద ఎవడి పెత్తనం ఏమిటో చిన్నప్పట్నుంచీ చూసినవాడు అతను.

1316 ఫస్లీలో హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. అంటే ఇంగ్లిషు లెక్కలో 1906-07. దానికి అన్నల్లాంటి చట్టాలు అప్పటికే బ్రిటిష్ ఇండియాలో ఉన్నాయి: బొంబాయిది 1878, మద్రాసుది 1886. ఈ మద్రాసు చట్టంలో 'తయారీ' అనే మాటకి ఇచ్చిన నిర్వచనం చదివి నేను కాసేపు అలాగే కూర్చున్నాను. మత్తు పదార్థం తయారయ్యే ప్రతి ప్రక్రియా, అది సహజమైనదైనా కృత్రిమమైనదైనా, తయారీయే. సహజమైనదైనా! అంటే పువ్వు తనంతట తాను పులిసినా లెక్కలోకి వస్తుంది. ఈస్ట్ మీద కూడా కేసు పెట్టొచ్చన్నమాట. ఇది సరిపోలేదని బొంబాయి సర్కారు 1892లో మౌరా చట్టం తెచ్చింది. మౌరా అంటే ఇప్ప. కొన్ని జిల్లాల్లో ఇప్పపువ్వు ఏరడం, దగ్గరుంచుకోవడం మీదనే ఆంక్షలు. సారా సంగతి తర్వాత, పువ్వే నేరం.

ఎందుకంత కసి? లెక్క సింపుల్. ఇంటింటికీ ఉన్న పొయ్యి దగ్గర పన్ను వసూలు చేయలేరు. ఒకే డిస్టిలరీలో కాస్తే గేటు దగ్గర లెక్కపెట్టుకోవచ్చు. ఊరి కుండలు పోయి, రాగిగొట్టాలున్న డిస్టిలరీలు వచ్చాయి. హైదరాబాద్‌లో నారాయణగూడ డిస్టిలరీ అలాంటిదే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే సెంట్రల్ సర్వర్ పెట్టేసి లోకల్ ఇన్‌స్టాలేషన్లన్నిటినీ పైరసీ అన్నారు.

1940లలో నిజాం రాజ్యంలో చెంచులతో, కొండరెడ్లతో, గోండులతో తిరిగిన హైమెండార్ఫ్ పుస్తకాలు చదివితే ఇప్పచెట్టు వాళ్ల బతుకుల్లో ఎంత అల్లుకుపోయిందో తెలుస్తుంది. పెళ్లి ఒప్పందం, చావు, దేవుడికి ధారపోయడం, తప్పు చేసినవాడు కులపంచాయితీకి కట్టే జరిమానా, అన్నిట్లోనూ సారా ఉంది. దాన్ని కొనుక్కోమనడం అంటే పెళ్లిలో తలంబ్రాలు గవర్నమెంట్ డిపోలో కొనుక్కోమన్నట్టు.

స్వతంత్రం వచ్చాక చెట్టు పక్కకెళ్లింది, చెరుకు ముందుకొచ్చింది. బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. చక్కెర తీయగా మిగిలే మడ్డిని మొలాసిస్ అంటారు. అది చవక, దాన్నుంచి స్పిరిట్ తీయొచ్చు. దేశమంతటా ఇదే జరిగింది. మన 'విస్కీ'ల్లో చాలా వాటికి ఈ స్పిరిటే ఆధారం. కాస్త మాల్టు, కాస్త రంగు, కాస్త వాసన. యూరోపియన్ యూనియన్ వాటిని విస్కీ పేరుతో అమ్మనివ్వదు. ధాన్యం నుంచి తీసి, మూడేళ్లు కొయ్యపీపాలో ఉంచితేనే అక్కడ విస్కీ. నేను నా సీసా లేబుల్ తిప్పి చూశాను. న్యూట్రల్ స్పిరిట్ అని ఉంది.

ఇప్పుడు నా దోస్తు వాళ్లమ్మ సంగతి చూడండి. ఆమె గుడుంబా కాచింది నల్లబెల్లంతో. నేను తేనె కలిపింది చాలావరకు మొలాసిస్ స్పిరిట్‌లో. రెండూ ఒకే చెరుకుగడ నుంచి వచ్చినవి. ఒకదానికి హోలోగ్రామ్ ఉంది.

*

ఇంతవరకూ రాసి అమ్మకి చదివి వినిపించాను. అమ్మ విని, "మీ మామ సంగతి రాయవా?" అంది.

రాయాలి. మా చిన్నమామ నలభై రెండేళ్లకి లివర్ పాడై పోయాడు. సారా, ఆ తర్వాత గుడుంబా, ఆ తర్వాత చీప్ లిక్కర్, చట్టం ఏది అందుబాటులో ఉంచితే అది తాగాడు. అత్తమ్మ పుస్తెలు అమ్మింది. నేను తెచ్చిన బంగారురంగు సీసాని అమ్మ ఇప్పటిదాకా ముట్టుకోలేదు, వంటింట్లో పెట్టనివ్వలేదు. "తేనె పాడు చేసినవ్" అని మాత్రం అంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకొట్టు మూయించినప్పుడు ఎవరూ వాళ్లకి అర్థశాస్త్రం చదివి వినిపించలేదు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో అది ఎత్తేశారు. ఎత్తేసినప్పుడు వెనక్కి వచ్చింది సీసా మద్యం. సారా మాత్రం నిషేధంలోనే ఉండిపోయింది. ఇందులో కొంత న్యాయముంది, కొంత లెక్క ఉంది. ఆడవాళ్లు అడిగింది మొగుళ్లు తాగి చావకూడదని. సర్కారుకి దొరికింది పేదవాడి చవక సరుకు పోయి, పన్ను కట్టే సరుకు మిగిలిన మార్కెట్టు. ఆ ఖాళీలోకే గుడుంబా వచ్చింది, పాత వరంగల్ జిల్లా తండాల నిండా వచ్చింది. నల్లబెల్లం, పటిక, త్వరగా పులవాలని, ఘాటెక్కాలని ఏవేవో కలిపిన సరుకు. దాన్ని ఇప్పసారాకి వారసత్వమనో, కుటీరపరిశ్రమ అనో నేను పొగడలేను. మామ గుర్తొస్తాడు.

కానీ వాళ్లమ్మని జైల్లో పెట్టినందువల్ల మా మామ బతకలేదు కూడా. ఈ రెండు వాక్యాలనీ ఎలా కలపాలో ఇప్పటికీ నాకు తేలలేదు.

చట్టం కూడా తేల్చుకోలేక తంటాలు పడ్డ చోటు ఒకటుంది. బాపమ్మ అల్మరాలో ఎప్పుడూ ఒక ద్రాక్షారిష్టం సీసా ఉండేది. అన్నం తిన్నాక రెండు మూతలు, సమానంగా నీళ్లు. అందులో ఆల్కహాలుంటుందని మా బాపుకి తెలుసు, ఆమెకి చెప్పలేదు. జీవితంలో కల్లు వాసన చూడనని చెప్పుకునే మనిషి ముప్పయ్యేళ్లు రోజూ అరిష్టం తాగింది. ఇలాంటి మందుల కోసమే 1955లో ఒక కేంద్ర చట్టం వచ్చింది. 2017లో రద్దయ్యేదాకా ఆ చట్టం కింద, దానంతటది పుట్టిన ఆల్కహాలున్న ఆయుర్వేద మందు, మామూలు మద్యంలా తాగడానికి పనికిరాకపోతే దానికి సుంకం ఉండేది కాదు. 'తాగడానికి పనికిరాకపోతే' అన్నది ఎవరు నిర్ణయించాలి? మృతసంజీవని సుర లాంటి మందుల మీద పన్ను తగవు 1960ల మొదట్లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1886లో సహజంగా పులిసినా నేరమన్న భాష, 1955లో దానంతటదే పులిస్తే మందు అంది. సీసా మీద వైద్యుడి బొమ్మ ఉంటే ఈస్ట్‌కి క్షమాభిక్ష.

గిరిజనుల విషయంలోనూ ఇలాంటి మెత్తదనం కొంత వచ్చింది. 1974లో కేంద్రం ఆదివాసీ ప్రాంతాల ఆబ్కారీకి మార్గదర్శకాలిచ్చింది: బయటి వ్యాపారుల సారాదుకాణాలు ఎత్తేయండి, సొంత వాడకానికి ఇంట్లో చేసుకునేదాన్ని వదిలేయండి అని. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల మీద నియంత్రణలో గ్రామసభకి మాట ఇచ్చింది. రెండూ షెడ్యూల్డ్ ఏరియాల సంగతి. నా దోస్తు తండా మైదానంలో ఉంది. అక్కడ ఇప్పచెట్టూ లేదు, పెసా కూడా లేదు.

ఇప్పుడేమో గాలి మారింది. రాజస్థాన్‌లో రాజకుటుంబాల పాత వంటకాలతో కేసర్ కస్తూరి లాంటి మద్యాలు సర్కారు సంస్థే 'హెరిటేజ్' పేరుతో అమ్ముతోంది. మధ్యప్రదేశ్ కొన్నేళ్ల కింద ఇప్పసారాని హెరిటేజ్ లిక్కర్ చేసి, ఆదివాసీ సంఘాలతో తయారు చేయిస్తోంది. గోవాలో కాక్‌టెయిల్ బార్లలో ఇప్పసారా దొరుకుతుంది, బెంగళూరులో దాని టేస్టింగ్ నోట్స్ రాస్తారు. ఉట్నూరు ఆడవాళ్లు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి పేరు తెచ్చుకున్నారు. లడ్డూకి కేసుండదు, తెలివైన పని. ఒక వస్తువు నేరం నుంచి హెరిటేజ్‌గా మారడానికి మధ్యలో ఏం జరగాలి? వస్తువు మారదు. చేసేవాళ్లు మారాలి, లేదా తాగేవాళ్లు మారాలి.

*

పోయిన సంక్రాంతికి మూడో సీసా పట్టుకుని తండాకి పోయాను. ఈసారి పిప్పళ్లు ఎక్కువేసి, తేనె తగ్గించాను. దోస్తు వద్దంటాడేమో అనుకున్నా, వాడే బండి మీద తీసుకెళ్లాడు. వాళ్లమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. కేసు కొట్టేసి చాలా ఏళ్లయింది. కాచడం మానేసి కూడా చాలా ఏళ్లయింది, ఇప్పుడు మనవరాలిని చూసుకుంటుంది.

"ఏం బిడ్డా, పట్నంల మంచిగున్నవా?" అంది. నేను సంచిలోంచి సీసా తీశాను. దోస్తు లంబాడీలో ఏదో చెప్పాడు, ఇద్దరూ నవ్వారు. నన్ను ఆటపట్టించారని మాత్రం అర్థమైంది.

ఆమె మూత తీసి ముందు వాసన చూసింది. తర్వాత అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని రుద్ది, మళ్లీ వాసన చూసింది. నేను ఏ పుస్తకంలోనూ చదవని పరీక్ష అది. ఆల్కహాల్ ఆవిరైపోయాక ఏం మిగులుతుందో చూస్తోందని తర్వాత తట్టింది. ఆఖర్న స్టీలు గ్లాసులో కొంచెం పోసుకుని తాగింది.

"మిర్యాలు మంచిగ వడ్డయి," అంది. "తేనె అసలుదే. కానీ కింద మందు మంచిది కాదు బిడ్డా. మస్తు వాసనేసి దాచిండ్రు."

"వెయ్యి రూపాయల సీసా పెద్దమ్మా," అన్నాను.

"వెయ్యా!" అంది. కొడుకు వైపు తిరిగి లంబాడీలో ఏదో లెక్క చెప్పింది. వాడు తర్జుమా చేయలేదు. అప్పట్లో ఐదు లీటర్లు ఎంతకమ్మేదో చెప్పి ఉంటుంది.

కాసేపు కందుల రేటు గురించి, మనవరాలి స్కూలు గురించి మాట్లాడింది. నేను లేవబోతుంటే సీసాని ఎత్తి ఎండకి అడ్డంగా పట్టి చూసింది. గాజు మందంగా ఉంది, మూత గట్టిది.

"అయిపోయినంక సీస వారెయ్యకు," అంది. "గానుగ నూనె పోస్కుంట. తీస్కరా."